టిష్యూ ఇంజనీరింగ్ పిల్లలకు ఏ దారిలో చెప్పాలి? పసుపు ముక్కల నుంచి త్రీడీ ప్రింటర్ దాకా ఒక పోలిక

బెంగళూరులో హైస్కూలుకీ పీయూసీకీ బయాలజీ చెప్పే తెలుగు టీచర్లు నాకు చాలామంది తెలుసు. ఈ మధ్య వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగింది ఒకటే. సైన్స్ క్లబ్బులో టిష్యూ ఇంజనీరింగ్ (అంటే కణాలతో చర్మం, మృదులాస్థి లాంటి ఒంటి భాగాలు పెంచే సైన్సు) చెప్పమన్నారు, నెట్‌లో చూస్తే ఒకరు యాపిల్ అంటారు, ఒకరు పూసలంటారు, ఒకరు ప్రింటర్ అంటారు, ఏది పట్టుకోవాలో తెలియట్లేదు అని. వీటిలో చాలావాటిని నేను క్లాసులో చేయించాను, కొన్నింటిని ఒకటికి రెండుసార్లు. అందుకే నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మూడేళ్ళ క్రితం తొమ్మిదో తరగతిలో ఈ పాఠాన్ని ఎలుక వీపు మీద చెవి ఉన్న ఫొటోతో మొదలుపెట్టాను. పిల్లలు నోరెళ్ళబెట్టి చూశారు, నేనూ పాఠం బాగా ఎక్కిందనుకున్నాను. వారం తర్వాత చిన్న పరీక్ష పెడితే సగం మంది "ఎలుకకు మనిషి జీన్ ఎక్కించారు" అని రాశారు. 1997లో వచ్చిన ఆ ప్రయోగంలో జీన్ల మార్పు ఏమీ లేదు. చెవి ఆకారంలో చేసిన, మెల్లగా కరిగిపోయే పాలిమర్ అచ్చు మీద ఆవు మృదులాస్థి కణాలు వేసి, రోగనిరోధక శక్తి లేని ఎలుక చర్మం కింద పెట్టారు. ఎలుక ఇచ్చింది చోటు, రక్తం, వెచ్చదనం. అంతకుమించి ఆ చెవితో దానికి సంబంధం లేదు. ఫొటో పిల్లల బుర్రలో నిలిచిపోయింది కానీ విషయం నిలవలేదు.

అదే క్లాసులో వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "మేడమ్, సెల్స్ అన్నీ గుట్టగా పోస్తే మధ్యలో ఉన్నదానికి టిఫిన్ ఎవరు పెడతారు?" అని అడిగింది. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివే కొద్దీ అర్థమైంది, ఈ సైన్సు మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోందని. ఇప్పుడు ఏ యాక్టివిటీ చూసినా నేను ముందు వేసే కొలబద్ద అదే: మధ్యలో ఉన్న కణానికి తిండి ఎలా అందుతుందో ఇది పిల్లలకు చూపిస్తుందా, లేదా?

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

ముందు విషయం గురించి నాలుగు మాటలు, ఎందుకంటే కొలబద్దలు అందులోంచే వస్తాయి. 1993లో రాబర్ట్ లాంగర్, జోసెఫ్ వకాంటి కలిసి సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ రంగానికి ఒక రూపం వచ్చింది. క్లాసులో చెప్పాలంటే మూడు ముక్కలు చాలు: కణాలు, అవి అల్లుకోవడానికి ఒక ఆసరా, ఎటు పెరగాలో చెప్పే సంకేతాలు. ఆసరాను ఇంగ్లీషు పుస్తకాల్లో స్కాఫోల్డ్ అంటారు. నేను మాత్రం పిల్లలకు బీరతీగ పందిరి అనే చెప్తాను. పందిరి లేకపోతే తీగ నేల మీద చిక్కుపడి పోతుంది, పందిరి ఉంటే దాని ఆకారాన్నే పట్టుకుని అల్లుకుంటుంది. తేడా ఒక్కటే. ఇక్కడ తీగ తన కాళ్ళ మీద తాను నిలబడే సమయానికి పందిరి మెల్లగా కరిగిపోవాలి. ఇది చెప్పేటప్పుడు ఎండిన నేతిబీర పీచు ఒకటి బల్ల మీద పెట్టండి. అందులోని రంధ్రాలు చూశాక స్కాఫోల్డ్ అంటే ఏమిటో విడిగా వివరించాల్సిన పని ఉండదు.

ఇక తిండి సంగతి. మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ ఏదో ఒక రక్తకేశనాళికకు 100 నుంచి 200 మైక్రాన్ల లోపే ఉంటుంది, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు కూడా దాటదు. అంతకంటే దూరమైతే ఆక్సిజన్ చేరే లోపే దారిలోని కణాలు వాడేసుకుంటాయి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఈ రంగం చరిత్ర అంతా సర్దుకుంటుంది. మొదట విజయం వచ్చింది ఎక్కడ? చర్మంలో, అది పల్చన. మృదులాస్థిలో, దానికి సొంత రక్తనాళాలు లేవు. కంటి నల్లగుడ్డు మీది కార్నియాలో, దానికీ లేవు. మూత్రాశయంలో, అది పల్చటి గోడ ఉన్న సంచి. 2006లో ఆంథొనీ అటాలా బృందం ఏడుగురు రోగులకు వాళ్ళ సొంత కణాలతో పెంచిన మూత్రాశయాలు అమర్చిన ఫలితాలు లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. గుండె, కాలేయం, కిడ్నీ మాత్రం మందంగా ఉంటాయి, లోపలంతా రక్తనాళాలే. అందుకే అవి ఇంకా మనిషికి పూర్తిగా అందలేదు.

కాబట్టి నా మొదటి కొలబద్ద ఆ టిఫిన్ ప్రశ్న. రెండోది, పిల్లలు స్కేలు పెట్టి కొలిచేది, నోట్‌బుక్‌లో అంకె వేసేది ఏదైనా ఉండాలి. లేకపోతే అది చూసి వచ్చే తమాషాగా మిగులుతుంది. మూడోది సమయం, మనకు ఉండేది 40 నిమిషాల పీరియడ్, అందులో హాజరుకే 5 నిమిషాలు పోతాయి. నాలుగోది భద్రత, పని అయ్యాక మిగిలినదాన్ని ఎక్కడ పారబోస్తామన్నది కూడా అందులో భాగమే. డబ్బును నేను చివర పెడతాను, ఎందుకంటే మంచివన్నీ చవకైనవే.

| దారి | మధ్య కణానికి తిండి సంగతి తెలుస్తుందా | కొలత ఉందా | పట్టే సమయం | ఖర్చు | జాగ్రత్త |
|---|---|---|---|---|---|
| పసుపు–చైనాగ్రాస్ ముక్కలు | బాగా | ఉంది | ఒక పీరియడ్, ముందురోజు తయారీ | చాలా తక్కువ | వాషింగ్ సోడాకు గ్లవ్స్ |
| ఆల్జినేట్ పూసల్లో ఈస్ట్ | బాగా, బతికున్న కణాలతో | ఉంది | రెండు పీరియడ్లు | కొన్ని వందలు | తక్కువ |
| యాపిల్ కణాలు కడిగేయడం | కొంతవరకు | కష్టం | మూడు నాలుగు రోజులు | మధ్యస్థం | డిటర్జెంట్ పొడి |
| త్రీడీ ప్రింటర్ | తక్కువ | ఉంది | గంటలు | ప్రింటర్ ఉంటే తక్కువ | తక్కువ |
| ల్యాబ్ సందర్శన | చెప్పేవాళ్ళను బట్టి | లేదు | ఒక రోజంతా | బస్సు ఖర్చు | పిల్లల సంఖ్య |
| కేసు కథలు, చర్చ | బాగా, సరైన కథ ఎంచుకుంటే | లేదు | ఒక పీరియడ్ | లేదు | లేదు |

పసుపు ముక్కలు

ఒక్క పీరియడే ఉంటే ఇంక ఆలోచించకండి, ఇదే చేయండి. పసుపూ సున్నమూ కలిపితే పారాణి ఎర్రగా తిరుగుతుందని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, ఈ ప్రయోగమంతా దాని మీదే నడుస్తుంది.

అర లీటరు నీళ్ళలో 10 గ్రాముల చైనాగ్రాస్ వేసి పూర్తిగా కరిగేదాకా మరిగించి, ఒక చెంచా పసుపు కలిపి, 3 సెంటీమీటర్ల లోతు వచ్చేలా ఒక డబ్బాలో పోయాలి. పసుపు అడుగుకు దిగిపోతుంది, కాబట్టి పోసి వదిలేయకుండా చిక్కబడేదాకా అప్పుడప్పుడు కలుపుతూ ఉండాలి. ఇది ముందురోజు రాత్రి ఇంట్లో చేసుకోవచ్చు. మర్నాడు క్లాసులో 3, 2, 1 సెంటీమీటర్ల ఘనాలుగా కోసి వాషింగ్ సోడా నీళ్ళలో వేసి అరగంట ఉంచాలి. వంట సోడాతో రంగు అంత బాగా తిరగదు. తర్వాత ఒక్కో ముక్కను నడిమికి కోయండి. చుట్టూ ఎర్ర పట్టీ, మధ్యలో పసుపు పచ్చగా మిగిలిపోయిన గడి. ఆ పచ్చ గడి ఆకలితో ఉన్న భాగం.

ఇప్పుడు స్కేలు తీసుకోమనండి. ఎరుపు లోపలికి 2 మిల్లీమీటర్లు వెళ్ళిందనుకుందాం. లెక్క వేస్తే 1 సెంటీమీటరు ఘనంలో దాదాపు 78 శాతానికి రంగు చేరింది, 2 సెంటీమీటర్లదాంట్లో 49 శాతానికి, 3 సెంటీమీటర్లదాంట్లో 35 శాతానికే. అన్నిటిలో రంగు వెళ్ళిన దూరం ఒకటే, మారింది ముక్క సైజు మాత్రమే. ఉపరితలానికీ ఘనపరిమాణానికీ ఉన్న నిష్పత్తి 6, 3, 2గా పడిపోవడం పుస్తకంలో చదివినప్పుడు ఎక్కనిది, ఆ పచ్చ గడిని కోసి చూశాక ఎక్కుతుంది.

తర్వాతి భాగం నాకు అన్నిటికంటే ఇష్టం. ఒక్కో గుంపుకు ఒక్కో 3 సెంటీమీటర్ల ఘనం, ఒక స్ట్రా ఇచ్చి, మీకు ఐదు రంధ్రాలే చేసే హక్కుంది, పచ్చ తక్కువ మిగిలిన గుంపు గెలిచినట్టు అని చెప్పండి. మా క్లాసులో మొదట అందరూ ఐదు రంధ్రాలూ ఒకే పక్క నుంచి వరసగా పొడిచారు. రెండోసారికి ఒక గుంపు రెండు పక్కల నుంచి అడ్డంగా, నిలువుగా పొడిచింది. ఇంకొక గుంపు రంధ్రాలు ఎక్కువ దగ్గరైతే ముక్క విరిగిపోతుందని కనుక్కుంది. స్కాఫోల్డ్ తయారుచేసేవాళ్ళు రోజూ పడే తంటా కూడా అదే. రంధ్రాలు పెంచితే తిండి చేరుతుంది, బలం తగ్గుతుంది.

ఇందులో ఒక లోపం ఉంది, దాన్ని దాచకూడదు. ముక్కను రాత్రంతా వదిలేస్తే మొత్తం ఎర్రబడుతుంది. అప్పుడు పిల్లలు "టైమ్ ఇస్తే అన్నిటికీ చేరుతుంది కదా" అంటారు. ఒంట్లో అలా జరగదు, ఎందుకంటే దారిలోని కణాలు ఆక్సిజన్‌ని తినేస్తూ ఉంటాయి. పసుపు దేన్నీ తినేసి ఖాళీ చేయదు. ఈ మాట నోటితో చెప్పి ఊరుకోవచ్చు, ఇంకో రెండు పీరియడ్లుంటే కింది ప్రయోగంతో చూపించవచ్చు.

ఆల్జినేట్ పూసలు

ఆల్జినేట్ సముద్రపు నాచు నుంచి వస్తుంది. సోడియం ఆల్జినేట్ ద్రావణాన్ని కాల్షియం క్లోరైడ్ నీళ్ళలో చుక్కలు చుక్కలుగా వేస్తే ప్రతి చుక్కా అక్కడికక్కడే మెత్తటి పూసగా గట్టిపడుతుంది. ఇది ఆటబొమ్మ సైన్సు అనుకోకండి. 1980లోనే ఇన్సులిన్ తయారుచేసే క్లోమ కణాలను ఆల్జినేట్ గుళికల్లో పెట్టి మధుమేహం ఉన్న ఎలుకల్లో ప్రయత్నించారు, కణాలు కలిపిన ఇంకుతో కణజాలాన్ని ప్రింట్ చేసే బయోప్రింటింగ్‌లో ఇప్పటికీ ఆల్జినేట్ వాడతారు. పిల్లలు తమ చేత్తో పట్టుకునేది నిజంగా ఆ రంగంలో వాడే పదార్థం.

కణాలుగా బేకరీ ఈస్ట్ చాలు. 2 శాతం ఆల్జినేట్‌లో కొంచెం ఈస్ట్ కలిపి, సూది లేని సిరంజితో 2 శాతం కాల్షియం క్లోరైడ్‌లోకి వదిలి, 10–15 నిమిషాలు ఉంచి, కడిగి, చక్కెర నీళ్ళలో వేయాలి. ఈస్ట్ చక్కెర తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పూసలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఆ తేలడం చూసి మా పిల్లలు చేసిన గోలకు పక్క క్లాసు సార్ వచ్చి చూసి వెళ్ళారు.

కొలత ఎక్కడంటే, రెండు గుంపులకూ సరిగ్గా 10 మిల్లీలీటర్ల మిశ్రమమే ఇవ్వండి. ఒకరు సన్నని సిరంజితో చిన్న పూసలు, ఇంకొకరు చెంచాతో పెద్ద ముద్దలు చేస్తారు. రెండూ ఒకే పరిమాణం చక్కెర నీళ్ళున్న సీసాల్లో వేసి మూతికి బెలూన్ తగిలించండి. చిన్న పూసల సీసా బెలూన్ ముందు ఉబ్బుతుంది. ఈస్ట్ అంతే, చక్కెర అంతే, మారింది దూరం ఒక్కటే. పసుపు ముక్కల్లో చూసింది ఇక్కడ బతికున్న కణాలతో మళ్ళీ కనిపిస్తుంది, ఆ వెనక బెంచీ అమ్మాయి అడిగిన టిఫిన్‌కు ఇంతకంటే దగ్గరి జవాబు స్కూలు ల్యాబులో దొరకదు.

ఒక జాగ్రత్త బెంగళూరు వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిసారి నేను కుళాయి నీళ్ళతో ఆల్జినేట్ కలిపాను, మా దగ్గర వచ్చేది బోరు నీళ్ళు. ఎంత కలిపినా ఉండలు ఉండలుగా గడ్డకట్టి సిరంజిలోకి ఎక్కలేదు, ఆ రోజు పీరియడ్ మొత్తం పోయింది. బోరు నీళ్ళలో కాల్షియం ఎక్కువ, పూసలు చేయాల్సిన కాల్షియం ముందే కలిసిపోయిందన్నమాట. డిస్టిల్డ్ వాటర్ వాడండి, ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసేది ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. పొడిని నీళ్ళ మీద కొద్దికొద్దిగా చల్లుతూ కలిపి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి తేటగా జిగురులా తయారవుతుంది. ఇంకొకటి, డిసెంబరు చలిలో ఈస్ట్ మందగిస్తుంది. చక్కెర నీళ్ళు గోరువెచ్చగా, 35 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండేట్టు చూసుకోండి.

మిగిలిన పూసల్లో కొన్నిటిని సోడియం సిట్రేట్ ద్రావణంలో వేయండి, అవి మెల్లగా కరిగిపోతాయి. సిట్రేట్ కాల్షియాన్ని లాగేసుకుంటుంది. పందిరి కరిగిపోవాలి అని మొదట చెప్పాం కదా, అది ఇదే. నిమ్మరసంతో సరిపెట్టేద్దామని అనిపిస్తుంది కానీ వద్దు, పులుపు నీళ్ళలో ఆల్జినేట్ కరగకపోగా ఇంకా గట్టిపడుతుంది.

యాపిల్ నుంచి కణాలు తీసేయడం

దీనికి పేరు డీసెల్యులరైజేషన్. ఉన్న అవయవంలోంచి కణాలన్నీ కడిగేసి పందిరిని మాత్రం ఉంచుకోవడం. 2008లో డోరిస్ టేలర్, హరాల్డ్ ఆట్ బృందం ఎలుక గుండెను ఇలా కడిగి, మిగిలిన తెల్లటి చట్రంలో కొత్త కణాలు వేసి మళ్ళీ కొట్టుకునేలా చేసింది. మొక్కలతోనూ చేయవచ్చని 2014లో ఒట్టావాలో ఆండ్రూ పెల్లింగ్ బృందం యాపిల్ ముక్కలతో చూపింది, ఆ సెల్యులోజ్ చట్రం మీద ఎలుక కండర కణాలు పెరిగాయి. 2017లో అమెరికాలోని వూస్టర్ పాలిటెక్నిక్‌లో పాలకూర ఆకును కడిగి, ఆకు ఈనెలనే రక్తనాళాలుగా వాడారు. ఈ ఆలోచన చెప్తే ఏ వయసు పిల్లలైనా చెవులు రిక్కించి వింటారు, ఎందుకంటే ఆకులో సన్నటి దారులు ముందే ఉన్నాయి, వాటిని మనం చేయాల్సిన పని లేదు.

పాలకూర ఆలోచనగా చెప్పడానికి బాగుంటుంది కానీ క్లాసులో చేయడానికి యాపిల్ నయం. ఆకు మీద మైనం పొర ఉంటుంది, దాన్ని దాటి డిటర్జెంట్ లోపలికి పోవడానికి రోజులు పడుతుంది, కాడ నుంచి ఎక్కించడానికి ఏర్పాటు కావాలి. యాపిల్‌ను ఒక మిల్లీమీటరు మందాన కోసి, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ అర శాతం నుంచి ఒక శాతం ద్రావణంలో వేసి, రోజుకు రెండుసార్లు ద్రావణం మారుస్తూ కదుపుతూ ఉంటే రెండు మూడు రోజుల్లో ముక్క వెలుతురు దాటేంత తేటగా మారుతుంది. తర్వాత ఒక రోజు మంచినీళ్ళలో కడగాలి. ఎస్‌డీఎస్ పొడి గాలిలో లేస్తే ముక్కు, గొంతు మండుతాయి, కాబట్టి ద్రావణం టీచరే మాస్క్ వేసుకుని కలపాలి. తెల్లబడాలని బ్లీచ్ వాడేవాళ్ళున్నారు. స్కూల్లో వద్దంటాను, అందులో పొరపాటున యాసిడ్ కలిస్తే క్లోరిన్ వస్తుంది.

నాకు ఇందులో కనిపించే ఇబ్బంది కొలత లేకపోవడం. ముక్క తేటబడింది, బాగుంది, తర్వాత? అందుకే పక్కన ఉల్లిపొరను కూడా పెట్టించాను. ఒక పొర నీళ్ళలో, ఒకటి ఎస్‌డీఎస్‌లో. మర్నాడు రెండిటికీ మిథిలిన్ బ్లూ వేసి మైక్రోస్కోపులో చూస్తే, మొదటిదాంట్లో ప్రతి గదిలో నీలిచుక్కలా కేంద్రకం, రెండోదాంట్లో గదులు ఖాళీ. గోడలు మిగిలాయి, కాపురముండేవాళ్ళు వెళ్ళిపోయారు. పది గదుల్లో ఎన్నిటిలో కేంద్రకం ఉందో లెక్కపెట్టమంటే అంకె కూడా వచ్చేస్తుంది. నా మటుకు నేను యాపిల్ లేకుండా ఉల్లిపొర ఒక్కటే చేయమని చెప్పడానికి కూడా వెనుకాడను.

త్రీడీ ప్రింటర్

"అక్కా, మా స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది, ప్రింటర్ ఖాళీగానే ఉంటుంది, దాంతోనే మొదలుపెట్టనా?" అని కొత్తగా చేరిన టీచర్ ఒకావిడ అడిగింది. వద్దమ్మా, ముందు పసుపు ముక్కలు చెయ్యి, తర్వాత ప్రింటర్ దగ్గరికి వెళ్ళు అన్నాను. ప్రింటర్ ముందు వస్తే పిల్లలకు టిష్యూ ఇంజనీరింగ్ అంటే బటన్ నొక్కితే కిడ్నీ రావడం అనే మాట బుర్రలో పడిపోతుంది, అది తీయడం చాలా కష్టం.

తర్వాత వస్తే మాత్రం దీనికి విలువ ఉంది. ప్రింటర్‌లో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్, ఒంట్లో కరిగే స్కాఫోల్డ్‌లకు వాడే పాలిమర్ల కుటుంబానిదే. జాలీలాంటి ఘనం గీసి రంధ్రం సైజు మారుస్తూ ప్రింట్ చేయించండి. అప్పుడు ఒక ప్రశ్న వేయండి: ఈ ప్రింటర్ ముక్కు సాధారణంగా 0.4 మిల్లీమీటర్లు, అంటే 400 మైక్రాన్లు. ఎర్ర రక్తకణం 7–8 మైక్రాన్లు, అది దూరే కేశనాళికా దాదాపు అంతే సన్నం. మన ప్రింటర్ కేశనాళికను గీయగలదా? ఈ లెక్క వేశాక, బెంగళూరులోనే పాండోరమ్ అనే సంస్థ 2015లో త్రీడీ ప్రింటింగ్‌తో కాలేయ కణజాలం చేశామని ప్రకటించిందని చెప్పండి. అది పూర్తి కాలేయం కాదని, ఎందుకు కాదో కూడా, పిల్లలే చెప్తారు.

ల్యాబులు చూపించడం

ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఇది పెద్ద వరం. ఐఐఎస్సీ ఏటా ఒకరోజు ఓపెన్ డే పెడుతుంది, మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) ఆవరణలో జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్, దాని పక్కనే స్టెమ్ సెల్స్ (మూలకణాలు, అంటే వేరే రకం కణాలుగా మారగలిగినవి) మీద పనిచేసే ఇన్‌స్టెమ్ ఉన్నాయి. కానీ ఓపెన్ డేకి జనం విపరీతం, 45 మంది పిల్లలను వెంటేసుకుని వెళ్తే తలలు లెక్కపెట్టుకోవడంతోనే రోజు గడిచిపోతుంది. పది పదిహేను మంది క్లబ్బు పిల్లలైతే వెళ్ళండి, పసుపు ముక్కలు చేశాకే వెళ్ళండి. చేసి వెళ్ళినవాళ్ళు ప్రశ్నలు అడుగుతారు, చేయనివాళ్ళు సెల్ఫీలు దిగుతారు, ఈ తేడా నేను రెండేళ్ళు వరసగా చూశాను.

కథలు, చర్చ

సామాను ఏమీ లేని చోట ఇది తక్కువ దారి అనుకోకండి. కాకపోతే కథ సరైనది ఉండాలి. నేను రెండే చెప్తాను.

మొదటిది మన హైదరాబాదుదే. తాంబూలం సున్నం ప్యాకెట్ చిన్నపిల్లలు నొక్కితే కంట్లో చిమ్ముతుంది, ఆ క్షారానికి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు చచ్చిపోతాయి, ఆ తర్వాత కార్నియా తెల్లగా పొరగమ్ముతుంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001 నుంచి, బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, కాన్పులో మాయతో పాటు బయటికి వచ్చే పల్చటి అమ్నియాన్ పొర మీద కణాలను పెంచి, పాడైన కంటి మీద అతికిస్తూ వచ్చారు. కణాలు, పందిరి, సంకేతాలు మూడూ ఈ ఒక్క కథలో ఉన్నాయి. 2012లో అక్కడి డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ఇంకొంచెం సులువు చేసింది. ల్యాబులో పెంచకుండానే ఆ ముక్కను సన్నగా తరిగి నేరుగా కంటి మీద పరిచిన అమ్నియాన్ పొర మీద ఉంచితే కణాలు అక్కడే పెరుగుతాయి. క్షారం పసుపును ఎర్రగా చేసిందని చూసిన క్లాసుకే, అలాంటి క్షారమే అయిన సున్నం కంటిని ఏం చేస్తుందో చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోతుంది. ఇంటికి వెళ్ళి సున్నం డబ్బా పైన పెట్టించామని ఇద్దరు పిల్లలు వచ్చి చెప్పారు.

రెండోది పీయూసీ వాళ్ళకే. 2011లో స్వీడన్‌లోని కరోలిన్స్‌కా ఆసుపత్రిలో పావ్లో మాక్కియారినీ అనే సర్జన్ ప్లాస్టిక్ శ్వాసనాళం మీద రోగి మూలకణాలు వేసి అమర్చాడు, ప్రపంచమంతా పత్రికలు రాశాయి. స్వీడన్‌లో అలా అమర్చిన ముగ్గురూ తర్వాత చనిపోయారు. 2023లో అక్కడి అప్పీలు కోర్టు అతనికి రెండున్నరేళ్ళ జైలు శిక్ష వేసింది. ఆ ప్లాస్టిక్ గొట్టానికి రక్తం అందే దారి ఏది అని పిల్లలను అడగండి. ఆ ప్రశ్న ముందే గట్టిగా అడగాల్సింది ఎవరు, జంతువుల మీద సరిగా పరీక్షించకుండా మనిషి దాకా ఎలా వచ్చింది, ఇక్కడి నుంచి చర్చ దానంతట అదే నడుస్తుంది. మన దగ్గర మోకాళ్ళ నొప్పుల నుంచి ఆటిజం దాకా స్టెమ్ సెల్ వైద్యం అంటూ వచ్చే ప్రకటనల సంగతీ అప్పుడే చెప్పాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగిలినవి ఆమోదం పొందిన ట్రయల్స్‌లోనే చేయాలి, డబ్బు తీసుకుని చికిత్సగా అమ్మకూడదు.

స్కూల్లోనే నిజం జంతు కణాలు పెంచవచ్చా అని కూడా కొందరు అడుగుతారు. వద్దు. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ నిలిపే ఇన్‌క్యుబేటర్, బయోసేఫ్టీ క్యాబినెట్, సీరం, ఇవన్నీ ఉన్నా ఒక్క బూజు రేణువుతో వారం పని పోతుంది. పిల్లల రక్తం గానీ బుగ్గ కణాలు గానీ పెంచే ప్రయత్నం అసలే చేయకండి.

ఎవరికి ఏది

పీయూసీలో నీట్, కేసెట్ టెన్షన్ మధ్య ఒకే పీరియడ్ దొరికిన లెక్చరర్ అయితే 25 నిమిషాలు పసుపు ముక్కలు, మిగిలిన టైమ్ మాక్కియారినీ కేసు. "నీట్‌లో వస్తుందా సార్?" అని అడిగితే, జంతు కణజాలాలు, బయోరియాక్టర్ సిలబస్‌లో ఉన్నవే, వాటిని ఇక్కడి నుంచి చూపించండి. ముక్కలను క్లాసు మొదలవకముందే సోడాలో వేసి ఉంచుకోవాలి, లేకపోతే ఎర్రబడే లోపు బెల్లు కొడతారు.

తొమ్మిది, పది తరగతుల వాళ్ళకు వారానికో క్లబ్బు పీరియడ్ ఉంటే, మొదటి వారం పసుపు ముక్కలు, రెండూ మూడూ వారాల్లో పూసలు, నాలుగో వారం ఉల్లిపొర, ఆ తర్వాత కంటి కథ. ఈ వరస మార్చవద్దని నా మాట. పూసలతో మొదలుపెడితే పిల్లలు ఆ తేలడంలోనే ఆగిపోతారు, ఎందుకు తేలాయన్నది వెనక్కి పోతుంది.

అపార్ట్‌మెంట్లో శనివారం సాయంత్రం పది మంది పిల్లలను కూర్చోబెట్టి చెప్పే అమ్మలకు, నాన్నలకు పసుపు ముక్కలూ, పూసలూ రెండూ వంటింట్లోనే అవుతాయి. వాషింగ్ సోడా పెద్దవాళ్ళే కలపండి. కాల్షియం క్లోరైడ్ ఫుడ్ గ్రేడ్‌ది తెచ్చుకున్నా సరే, ఈస్ట్ పూసలను ఎవరూ నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి. ఎస్‌డీఎస్ ఇంట్లో వద్దు.

ల్యాబు, అటెండర్, బడ్జెట్ అన్నీ ఉన్న పెద్ద స్కూలు అయితే యాపిల్, ప్రింటర్ కూడా కలుపుకోండి. కాకపోతే ఒక్కటి అడుగుతాను, ఎగ్జిబిషన్ రోజు బల్ల మీద ప్రింటర్ జాలీని ముందు పెట్టి పసుపు ముక్కలను వెనక్కి నెట్టకండి. మా దగ్గర క్రితం ఏడు పేరెంట్స్ ఎక్కువసేపు నిలబడింది కోసిన ఆ పచ్చ గడి ముందే, స్ట్రాతో పొడిచి ఇంకో ముక్క వేసి చూద్దామని అడిగింది కూడా వాళ్ళే.